అరవై ఆరేళ్లకు మేయరు: మాడపాటి హనుమంతరావు గారి నగరసేవ
(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, కొత్తగా ఎన్నికై ఈ సాయంత్రం మన మధ్యకు వచ్చిన వార్డు సభ్యులకు, అక్కలకు, అన్నలకు, చిన్నవాళ్లకు నమస్కారం.

కార్యదర్శిగారు నన్ను పిలిచి "పురపాలనలో ప్రజాసేవ" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్లు పురపాలక ఉద్యోగంలో ఉండి, గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ విషయంలో చెప్పవలసింది ఉంటుందని వారి నమ్మకం. చెప్పవలసింది ఉన్న మాట నిజమే. అయితే చట్టాలూ సెక్షన్లూ చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకని ఒక మనిషి గురించి చెబుతాను. హైదరాబాదు నగరానికి ఎన్నికైన తొలి మేయరుగా 1951లో ఆ కుర్చీలో కూర్చున్న మాడపాటి హనుమంతరావు గారి గురించి. ఆయన పేరు ఈ సభలో చాలామంది వినే ఉంటారు. "ఆంధ్ర పితామహ" అన్న బిరుదు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. కానీ ఆయన మేయరు పదవిని ఆయన మిగతా జీవితంతో కలిపి చూసినవాళ్లు తక్కువ. విడదీసి చూస్తే ఆ మూడేళ్లు పెద్ద విశేషంగా కనిపించవు, కలిపి చూస్తేనే వాటి అర్థం తెలుస్తుంది.

మేయరు అయ్యేనాటికి ఆయన వయసు అరవై ఆరు. ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగుదాం. మన రోజుల్లో కౌన్సిల్ సభ్యత్వం అంటే తొలి మెట్టు. దాని మీద కాలు పెట్టి శాసనసభకో, ఇంకా పైకో పోవాలని చూస్తాం, అందులో తప్పు పట్టవలసింది కూడా ఏమీ లేదు. హనుమంతరావు గారి విషయంలో మాత్రం వరస తిరగబడింది. గ్రంథాలయాలు నిలబెట్టి, సంఘం నడిపి, వెట్టిచాకిరికి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేయించి, ఆడపిల్లలకు బడి కట్టించి, ఇవన్నీ అయ్యాక, తల పండిన తర్వాత ఆయన నగర పాలక సంస్థలో అడుగు పెట్టారు. పదవి ద్వారా సేవలోకి వచ్చిన మనిషి కాదు ఆయన. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనికే ఊరు చివరికి ఒక కుర్చీ వేసింది.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టారు. చిన్నతనంలోనే నిజాం రాజ్యానికి వచ్చి సూర్యాపేటలో, హనుమకొండలో చదువుకున్నారు. ఆ కాలంలో నిజాం రాజ్యంలో తెలుగు పిల్లవాడు పైకి రావాలంటే ఉర్దూ మీద పట్టు ఉండాలి. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, ఫర్మానా ఉర్దూ. ఇంట్లో మాట్లాడే భాషకు గడప బయట విలువ లేదు. ఆయన ఉర్దూ, ఫారసీ బాగా నేర్చారు, ఇంగ్లీషు నేర్చారు, తెలుగును మాత్రం వదల్లేదు. హనుమకొండలో సర్కారు కొలువులో ఉన్నప్పుడే అక్కడి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పనుల్లో పాలుపంచుకున్నారు. అంతకు ముందే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గార్ల చలవ అది. హైదరాబాదు చేరాక హనుమంతరావు గారు ఆ నిలయానికి ఇంటి మనిషి అయ్యారు. ఒక గ్రంథాలయంలో నిలబడి ఈ మాట చెప్పగలగడం నాకు సంతోషం. తెలంగాణలో ప్రజాజీవితం మొదలైంది సభా వేదికల మీద కాదు, ఇలాంటి బీరువాల నడుమ.

రాజధానికి వచ్చి ఆయన వకీలు వృత్తి పట్టారు. ముషీరె దక్కన్ అనే ఉర్దూ దినపత్రికకు సంపాదకీయాలు రాశారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చిన తొలివాళ్లలో ఆయన ఒకరు. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడండి. తన భాషకు జరుగుతున్న అన్యాయం మీద జీవితమంతా పోరాడిన మనిషికి ఎదుటివాడి భాష మీద కోపం లేదు. పొద్దున ఉర్దూలో సంపాదకీయం రాసి సాయంత్రం తెలుగు గ్రంథాలయంలో సమావేశం పెట్టగలిగిన మనసు అది. మేయరు పదవి సంగతికి వచ్చేటప్పుడు ఈ గుణాన్ని మీరు గుర్తు తెచ్చుకోవాలి.

ఇప్పుడు 1921 నవంబరు. హైదరాబాదులో వివేకవర్ధిని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. పూనా నుంచి వచ్చిన ధోండో కేశవ్ కార్వే పండితుడు అధ్యక్షుడు. వితంతువుల కోసం, స్త్రీల చదువు కోసం జీవితం ధారపోసిన మహానుభావుడు ఆయన. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. అందరూ విన్నారు. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభలో గోల పుట్టింది. చప్పట్లు కొట్టి, కేకలు వేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. ఆ భాషలో, ఆ రాజ్యపు రాజధానిలో, అదీ సంఘ సంస్కరణ కోసం పెట్టిన సభలో, ఒక విద్యావంతుడు నోరు తెరిస్తే జరిగింది అది.

అక్కడున్న తెలుగువాళ్లు ఆ అవమానాన్ని మింగి ఇంటికి పోలేదు. ఎదురు కేకలూ వేయలేదు. ఆ రాత్రి టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొద్దిమంది కూడారు. అప్పటికప్పుడు ఆంధ్రజనసంఘం పుట్టింది. మాడపాటి వారు, బూర్గుల రామకృష్ణారావు గారు, మందుముల నరసింగరావు గారు, ఆదిరాజు వీరభద్రరావు గారు ఆ తరం మనుషులు. సంఘానికి కార్యదర్శిగా బరువు మోసింది హనుమంతరావు గారు. కార్యదర్శి అంటే ఏమిటో మన కార్యదర్శిగారిని అడిగితే చెబుతారు: ఉత్తరాలు రాయడం, చందాలు వసూలు చేయడం, కుర్చీలు వేయించడం, రాని సభ్యుల ఇళ్లకు వెళ్లి బతిమాలడం. అధ్యక్షుల ఫోటోలు గోడ మీద మిగులుతాయి, కార్యదర్శుల చెప్పులు అరిగిపోతాయి.

ఒక మాట మధ్యలో చెప్పాలి, లేకపోతే నేటి యువకులకు గందరగోళంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడ "ఆంధ్ర" అంటే తెలుగు అని అర్థం. ఆంధ్రజనసంఘం అంటే తెలుగువాళ్ల సంఘం, ఆంధ్ర బాలికల పాఠశాల అంటే తెలుగు ఆడపిల్లల బడి. తర్వాతి రాజకీయాల్లో ఆ మాటకు వచ్చిన అర్థాలను వెనక్కి తీసుకుపోయి ఆ పెద్దల మీద మోపడం న్యాయం కాదు.

సంఘం పని ఎలా నడిచిందో చెబుతాను. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ యాభై మూడు అని ఒక ఉత్తరువు ఉండేది, దాని పేరు చెబితేనే మా పెద్దవాళ్లు మొహం చిట్లించేవారు. బడి పెట్టాలన్నా, గ్రంథాలయం పెట్టాలన్నా అధికారుల దయ కావాలి. రాజకీయం అన్న మాట నోటితో అనే వీలు లేదు. ఇక ఊళ్లలో వెట్టి. గిర్దావరు వచ్చినా, అమీను వచ్చినా, పైనుంచి ఏ అధికారి దౌరాకు వచ్చినా ఊరివాళ్లు ఊరికే చాకిరీ చేయాలి. మాదిగవాడు మూటలు మోయాలి, చాకలి వంటపాత్రలు తోమాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, బండి ఉన్న రైతు ఎద్దులను కట్టాలి, కోమటి ఉప్పూపప్పూ ఇవ్వాలి. డబ్బు అడిగితే దెబ్బలు.

వింత ఏమిటంటే, వెట్టి చేయించుకోకూడదని ప్రభుత్వం తానే ఇచ్చిన గస్తీలు, అంటే ఉత్తరువులు, అప్పటికే ఉన్నాయి. అవి ఉర్దూలో ఉన్నాయి, కచేరీ బీరువాల్లో ఉన్నాయి. వెట్టి చేసేవాడికి ఆ భాష రాదు, చేయించుకునే అధికారి వాటిని చదివి వినిపించడు. హనుమంతరావు గారు, సంఘం వారు ఆ గస్తీలను వెతికి పట్టి, తెలుగు చేసి, అచ్చువేసి ఊళ్లలో పంచారు. వర్తకులకు ఉన్న హక్కుల మీద చిన్న పుస్తకాలు వేశారు. "ఇదుగో, మీ సర్కారువారే ఇలా అన్నారు" అని కాగితం చూపించడానికి ఊళ్లో ఒకడికి ధైర్యం వస్తే చాలునని వారి లెక్క. ఇది తుపాకీ పట్టిన పోరాటం కాదు. నినాదం కూడా కాదు. కాగితం. కానీ అధికారి బలమంతా ఎదుటివాడికి చదువు రాకపోవడంలో ఉన్నచోట, చదవగలిగే కాగితం చేసే పని చిన్నది కాదు.

నేను కాగితాల మధ్య బతికిన మనిషిని కాబట్టి ఈ పని విలువ నాకు తెలుసు. నా ఉద్యోగ జీవితంలో జరిగినది ఒకటి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. మా కార్యాలయానికి ఒకామె భర్త మరణ ధ్రువపత్రం కోసం వచ్చింది. పూలమ్ముకునే మనిషి. ఆసుపత్రి చీటీలో భర్త పేరు ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉంది, ఒక్క అక్షరం తేడా. అఫిడవిట్ తెమ్మన్నారు, తెచ్చింది. సాక్షులను తెమ్మన్నారు, తెచ్చింది. సారు సెలవులో ఉన్నారన్నారు, మళ్లీ వచ్చింది. కాళ్లరిగేలా తిరిగింది. తిప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఆ మాట దాచుకోను. చివరికి ఆ వార్డు సభ్యుడు ఆమెను వెంటబెట్టుకు వచ్చారు. వచ్చి అరవలేదు, బల్ల గుద్దలేదు. నియమాల పుస్తకం అడిగి తీసుకుని, వరండాలో ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని, పేరు సవరణకు ఏ కాగితం సరిపోతుందో చదివి, దరఖాస్తు తన చేత్తో రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించి, కింద నియమం నెంబరు కూడా వేసి నా బల్ల మీద పెట్టారు. ఆమె వేలికి అంటిన సిరా తుడుచుకోవడానికి తన రుమాలు ఇచ్చారు. ధ్రువపత్రం ఆ సాయంత్రమే వచ్చింది. ఆ సభ్యుడు మాడపాటి వారి గురించి చదివి ఉంటారో లేదో నాకు తెలియదు, కానీ ఆ మెట్టు మీద కూర్చుని చేసినది మాత్రం అచ్చంగా ఆంధ్రజనసంఘం పని.

మళ్లీ వారి దగ్గరకు వద్దాం. 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల మొదలైంది. హనుమంతరావు గారి పనులన్నిటిలో నన్ను అడిగితే ఇదే పెద్దది. అప్పట్లో పై చదువు చాలావరకు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉండేది, అక్కడ బోధన ఉర్దూలో. తెలుగులో చదువు చెప్పే బడికి గుర్తింపు ఇచ్చేది లేదన్నారు. గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే చదివిన చదువుకు కాగితం లేదు. ఉర్దూ మాధ్యమానికి మారితే అన్నీ సులువుగా అయిపోయేవి. మారలేదు. పూనాలో కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ స్త్రీలకు మాతృభాషలోనే చదువు చెప్పాలన్నది మూల నియమం. బడిని దానికి అనుబంధం చేశారు. హైదరాబాదు ఆడపిల్లలు తెలుగులో చదువుకుని పూనా విశ్వవిద్యాలయం పరీక్ష రాశారు. 1921లో తెలుగు వక్తను మాట్లాడనివ్వని సభకు అధ్యక్షత వహించినది ఆ కార్వే గారే కదా. ఆ రోజు పోగొట్టుకున్న గౌరవాన్ని ఏడేళ్ల తర్వాత ఆయన విశ్వవిద్యాలయం ద్వారానే ఆడపిల్లలకు తెచ్చిపెట్టారు. ఒక అవమానంలో ఎవరిని తప్పుపట్టాలో, ఎవరి సాయం తీసుకోవాలో తేడా తెలిసిన మనిషి కాబట్టి అది సాధ్యమైంది.

మా అమ్మ ఆ బడిలో చదివింది. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, ఆ బడి లేకపోతే మా ఇంట్లో ఆడవాళ్లకు సంతకం కూడా వచ్చేది కాదన్న కృతజ్ఞతతో చెబుతున్నాను. ఆమె చెప్పేది: పొద్దున్నే వీధి చివర తెర కట్టిన ఎడ్లబండి వచ్చి ఆగేది. వెంట ఒక ఆయా. తెర ఎత్తి ఒక్కొక్క పిల్లనూ ఎక్కించి మళ్లీ తెర వేసేది. లోపల చీకటిగా, ఉక్కగా ఉండేది, మోకాళ్లు మోకాళ్లు తగిలేలా కూర్చునేవారు. తెర సందులోంచి ఒక కన్ను పెట్టి బజారు చూడటానికి వంతులు వేసుకునేవారట. "ఊరంతా ఆ సందులోంచే చూశానురా" అనేది. ఆ బండి కోసం ఇంటింటికీ తిరిగి పిల్లలను పంపమని తల్లిదండ్రులను ఒప్పించడానికే బడివాళ్లకు సగం శక్తి పోయేదట.

ఆంధ్రజనసంఘం పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి సభ జరిగింది, 1935లో సిరిసిల్ల సభకు మాడపాటి వారు అధ్యక్షులు. మహాసభ పక్కనే మహిళా సభలు కూడా జరిగేవి. ఇక్కడ ఒక విమర్శ చెప్పాలి, చెప్పకపోతే ఇది ప్రసంగం కాదు, స్తోత్రం అవుతుంది. యువకులకు ఈ విన్నపాల పద్ధతి నచ్చలేదు. అర్జీలు పెట్టి, తీర్మానాలు చేసి, దివాణం గడప దగ్గర నిలబడితే దొరల కింద నలిగే రైతుకు ఏమి ఒరిగిందని అడిగారు. రావి నారాయణరెడ్డి గారి తరం మహాసభను మరో దారి పట్టించింది, 1944లో భువనగిరి సభ నాటికి సంస్థ రెండుగా చీలింది. ఆ యువకుల ప్రశ్నలో న్యాయం ఉంది. భూమి సమస్యను అర్జీలు తీర్చలేవు, తీర్చలేదు కూడా. కానీ ఆ యువకులు ఊళ్లలో సభ పెట్టగలిగారంటే, ఆ సభకు వచ్చిన జనానికి తమ భాషలో తమ కష్టం చెప్పుకోవడం వచ్చిందంటే, అంతకుముందు ఇరవై ఏళ్లు గ్రంథాలయం, కరపత్రం, బడి చేసిన దుక్కి ఉంది. దున్నినవాడూ విత్తినవాడూ వేరువేరు కావచ్చు.

ఇక నగరం. హైదరాబాదుకు పురపాలన 1869 నుంచే ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య గారు వచ్చి వరదల నివారణకూ మురుగు కాలువలకూ ప్రణాళిక వేశారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, నగరాభివృద్ధి కోసం ప్రత్యేక బోర్డు ఏర్పడింది. చెరువు, రోడ్డు, మురుగు కాలువ విషయంలో ఆనాటి పాలకులు చేసిన పనిని తక్కువ చేయనక్కరలేదు, నగరం ఇప్పటికీ దాని మీద బతుకుతోంది. లేనిదల్లా ఊరివాడి మాటకు చోటు. 1933లో కార్పొరేషన్ హోదా వచ్చింది, 1942లో పోయింది. అంటే దివాణం ఇచ్చింది, దివాణమే తీసేసుకుంది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిశాక, 1950లో హైదరాబాదుకూ సికింద్రాబాదుకూ రెండు వేరువేరు కార్పొరేషన్లు వచ్చాయి. ఆ రెండూ 1960 ఆగస్టులో గానీ ఒకటి కాలేదు. 1951 జనాభా లెక్కల నాటికి రెండు నగరాల్లో కలిపి పది లక్షలకు పైగా జనం.

ఆ నగరం ఎలాంటిదో ఊహించండి. సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్య జరిగి మూడేళ్లయినా కాలేదు. ఒకవైపు రజాకార్ల దాడులు తప్పించుకుని పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఇంకోవైపు పోలీసు చర్య తర్వాత జరిగిన ఘోరాలకు భయపడి జిల్లాల నుంచి రాజధానికి చేరిన ముస్లిం కుటుంబాలు, కొలువులు పోయిన సిపాయిలు, రద్దయిన జాగీర్ల మీద బతికిన వేలమంది. నిన్నటిదాకా ఏలినవాళ్లకూ ఏలబడినవాళ్లకూ ఒకే వీధి కుళాయి. ఆ ఊరికి మేయరు కావలసిన మనిషికి మొదటి అర్హత ఏమిటి? నన్ను అడిగితే, పాతబస్తీ మునిషీతో అతని భాషలో, అతనికి మర్యాదగా తోచే ఉర్దూలో మాట్లాడగలగాలి, నారాయణగూడ పంతులమ్మతో తెలుగులో మాట్లాడగలగాలి. ఇద్దరికీ ఆయన మీద అనుమానం ఉండకూడదు. ముప్పై ఏళ్లు తెలుగు కోసం పోరాడినా, ఎన్నడూ ఉర్దూను దూషించని మనిషి దొరకడం ఆ నగరం అదృష్టం. 1951లో సభ్యులు ఆయనను మేయరుగా ఎన్నుకున్నారు. పదవీకాలం ఏడాది. ఏడాది తిరిగాక మళ్లీ ఎన్నుకున్నారు, మళ్లీ ఎన్నుకున్నారు. అలా 1954 దాకా ఉన్నారు.

మన కొత్త సభ్యులు ఇక్కడే ఉన్నారు కనుక మేయరు అధికారం ఎంతో కాస్త చెప్పాలి. మన పద్ధతిలో కార్పొరేషన్‌కు కౌన్సిల్ ఉంటుంది, స్థాయీ సంఘం ఉంటుంది, కమిషనర్ ఉంటారు. పని చేయించే అధికారం, సిబ్బంది, సంతకం కమిషనర్‌వి. ఆయనను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. మేయరు కౌన్సిల్ సమావేశం నడుపుతారు, నగరానికి తొలి పౌరుడు అనిపించుకుంటారు, విదేశీ అతిథి వస్తే పూలదండ వేస్తారు. చెత్త ఎత్తకపోతే తిట్టేది మాత్రం మేయరునే. 1955లో వచ్చిన హైదరాబాదు కార్పొరేషన్ చట్టం ఈ ఏర్పాటునే స్థిరపరిచింది, ఇవాళ్టి మహానగర పాలక సంస్థ నడిచేది కూడా ఆ చట్టం కిందే. ఇలాంటి కుర్చీలో చేతికి అధికారం తక్కువ, చెవికి ఫిర్యాదు ఎక్కువ. అందుకని నోరున్నవాడికన్నా ఓర్పున్నవాడు కావాలి. అర్జీ ఎలా రాయాలో, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎన్నిసార్లు గుర్తు చేయాలో తెలిసినవాడు కావాలి. నిజాం కాలపు కచేరీల చుట్టూ ముప్పై ఏళ్లు వెట్టి గురించీ బడుల గురించీ తిరిగిన మనిషికి ఒక కమిషనర్‌తో మాట్లాడి పని చేయించుకోవడం కొత్త విద్యేమీ కాదు.

ఆ మూడేళ్లు సాఫీగా నడిచినవి కావు. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు గారు ఎన్నికైన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1921 నాటి సంఘంలో కలిసి పనిచేసిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరు రాష్ట్రానికి, ఒకరు రాజధానికి పెద్ద అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళన, అంటే కొలువులు స్థానికులకే ఇవ్వాలన్న ఆందోళన, వచ్చింది. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. చదువు కోసం, కొలువుల్లో న్యాయం కోసం వీధికెక్కిన పిల్లలు వాళ్లు, తుపాకీ పేల్చింది హనుమంతరావు గారి స్నేహితుడి ప్రభుత్వం. మూడు దశాబ్దాల పాటు స్థానికులకు చదువు, గౌరవం కావాలని అడిగిన తరం మీద ఆ రోజులు ఎంత బరువుగా పడి ఉంటాయో ఆలోచిస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ కాల్పులను నేను ఏ రకంగానూ సమర్థించను.

కట్టడాల లెక్కన చూస్తే ఆయన హయాం పేరు మీద మీకు చూపించడానికి పెద్ద వంతెన లేదు, గోపురం లేదు. నేను దాన్ని లోటుగా అనుకోను. కొత్తగా పుట్టిన సంస్థకు మొదటి మూడేళ్లలో కావలసింది మర్యాద: సమావేశం వేళకు మొదలవడం, ఎదుటి పక్షం సభ్యుడిని పూర్తిగా మాట్లాడనివ్వడం, ఏ భాషలో మాట్లాడినా వినడం. మాట్లాడనివ్వకపోతే మనిషికి ఎలా ఉంటుందో 1921లో చూసిన మనిషి ఆ కుర్చీలో ఉన్నాడన్న సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఇది నా అభిప్రాయం. ఈ సభలో పెద్దలు కాదనవచ్చు.

ఆ తర్వాత గౌరవాలు వరసగా వచ్చాయి. 1955లో పద్మభూషణ్ ఇచ్చారు. ఒకనాడు ఆయన బడికి గుర్తింపు ఇవ్వని ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడిగా ఎన్నికై 1964 వరకు ఉన్నారు. తాము నడిపిన ఉద్యమ చరిత్రను రెండు భాగాలుగా రాసిపెట్టారు. అందులో తన గొప్ప తక్కువ, తోటివాళ్ల పేర్లు ఎక్కువ. 1970 నవంబరు 11న కన్నుమూశారు.

కొత్త సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే కావడం చూసి నాకు చాలా సంతోషమైంది. చట్టం రిజర్వేషన్ ఇచ్చింది, మంచిదే. ఒక చిన్న మనవి మాత్రం చెప్పుకోనివ్వండి. సమావేశానికి భర్తగారిని పంపకండి, మీరే వెళ్లండి. ఎజెండా కాగితం ముందురోజే తెప్పించుకుని చదవండి. అర్థం కాని సెక్షన్ ఉంటే ఈ గ్రంథాలయంలో పుస్తకం ఉంది, నేనూ రోజూ సాయంత్రం ఇక్కడే ఉంటాను. మీ వార్డులో ఎవరికైనా దరఖాస్తు రాయవలసి వస్తే పంపండి, కళ్లద్దాలు ఉన్నాయి, చేతిలో వణుకు ఇంకా రాలేదు.

మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. బస్సులో నారాయణగూడ మీదుగా వెళ్లేటప్పుడు, ఎంత రద్దీగా ఉన్నా, కిటికీ వైపు చోటు అడిగి కూర్చునేది. ఇప్పుడు ఆ బడికి మాడపాటి హనుమంతరావు గారి పేరే ఉంది. గేటు కనబడగానే చేయి చాపి చూపించేది. మేయరుగారు అని గానీ, పద్మభూషణ్ అని గానీ ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. "మా పంతులుగారి బడి" అనేది, బస్సు మలుపు తిరిగేదాకా అటే చూసేది.

నమస్కారం.